కొక్కేలు లేని రక్తం

బ్యాటరీ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ అక్క అనే పిలిచేవారు. తనకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అక్క అనే. యూనియన్ సెక్రటరీ అయ్యాక ఒకసారి మేనేజరు కూడా నోరు జారి "అక్కా" అన్నాడు. ఆ రోజంతా ప్లేట్లు పేర్చే సెక్షన్‌లో అదే నవ్వులాట.

సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే. వాడు కాస్టింగ్‌లో పనిచేసేవాడు. కాస్టింగ్ అంటే సీసాన్ని కరిగించి అచ్చుల్లో పోసే చోటు. పొగను లాగే ఫ్యాను ఎప్పుడో కాలిపోయింది. బాగుచేయించమంటే "ఆర్డరు పెట్టాం" అనేవారు. ఆ ఆర్డరు పెట్టిన పెద్దమనిషి రిటైరై ఇంటికి కూడా వెళ్లిపోయాడు. ఫ్యాను రాలేదు. ఫ్యాను లేకపోతే పొగ ఎక్కడికి పోతుంది? మనుషుల ముక్కుల్లోకి పోతుంది.

తమ్ముడి కళ్లు పచ్చగా ఉండేవి. మొహం పాలిపోయి, కడుపు ఎడమ పక్కన కాస్త ఉబ్బి, మెట్లెక్కితే ఆయాసం. అందుకని వాడికి పచ్చోడు అని పేరు పెట్టారు. వాడు ఉడుక్కునే రకం కాదు. "పచ్చగా ఉండు నాయనా అని ఊరికే దీవిస్తారు కదా, నేను ఉండి చూపిస్తున్నా" అనేవాడు.

ఫ్యాక్టరీలో చేరకముందు కూడా వాడు పచ్చగానే ఉండేవాడు. ఆ సంగతి అక్కకు తెలుసు. తెలిసీ ఆ సంగతి వైపు చూడకుండా బతికేసింది. మనిషికి అదేం కష్టమైన పని కాదు.

యూనియన్ లేబర్ కోర్టుకు వెళ్లాలనుకున్నప్పుడు, ఎవరిని ముందు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. న్యాయంగా అయితే బాబాయిని పెట్టాలి. ఆయన ఎవరికీ బాబాయి కాదు, అందరికీ బాబాయే. పేర్చే సెక్షన్‌లో అందరికన్నా పాత మనిషి. సీసం ఆయన చేతి నరాలను తినేసింది. చెయ్యి ముందుకు చాపితే అరచెయ్యి కిందికి వాలిపోతుంది, పైకెత్తమంటే ఎత్తలేడు. టీ గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని, మూతినే గ్లాసు దగ్గరికి తీసుకెళ్లి తాగేవాడు.

కానీ యూనియన్ ప్రెసిడెంటు ఒప్పుకోలేదు. ఈయన ఫ్యాక్టరీ మనిషి కాదు, బయటి నాయకుడు. ఇస్త్రీ నలగని చొక్కా, మైకు చూస్తే మెరిసే కళ్లు.

"బాబాయ్ చేతులు ఫొటోలో మామూలు చేతుల్లాగే ఉంటాయి. జనానికి తెలియదు. ఈ కుర్రాడి కళ్లు చూడండి! ఒక్క ఫొటో చాలు. గోడల మీద వేస్తే బస్సులో పోయేవాడికి కూడా అర్థమవుతుంది."

"అంటే నా చేతులు సినిమాకి పనికిరావన్నమాట" అన్నాడు బాబాయ్. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

అక్క ఒప్పుకుంది. కేసు పచ్చోడి పేరు మీద పడింది. మిగతా అందరి రోగాలనూ వాడి కేసు వెనకాల బండికి పెట్టెలు తగిలించినట్టు తగిలించారు. వాడి మొహం పోస్టరై గోడలెక్కింది. పోస్టరు వేసినవాడు ఆ పసుపును ఇంకొంచెం దట్టించాడు కూడా.

పోస్టర్లు పడ్డాక కంపెనీ డాక్టరు కబురు పెట్టాడు.

కంపెనీ డాక్టరంటే ఎలాంటివాడో చెప్పాలి. దగ్గుతో వెళ్తే "సిగరెట్లు మానెయ్" అనేవాడు, మనిషి జన్మలో సిగరెట్టు ముట్టకపోయినా సరే. కడుపునొప్పితో వెళ్తే "కారం తగ్గించు" అనేవాడు. బాబాయ్ వేలాడే చేతులు పట్టుకుని వెళ్తే "రాత్రి చెయ్యి మీద పడుకుని ఉంటావు" అన్నాడు. సీసం అన్న మాట ఆ నోట ఎవరూ వినలేదు. అలాంటివాడు అక్కను డిస్పెన్సరీలోకి పిలిచి, కుర్చీ చూపించి, తలుపు వేశాడు.

బల్ల మీద రెండు వరసల్లో చిన్న చిన్న గాజు గొట్టాలున్నాయి.

"ఇది చూడమ్మా. అన్నిట్లో ఉప్పునీళ్లే. ఇటునుంచి అటుకి ఉప్పు తగ్గుతూ పోతుంది. ఈ వరసలో వేసింది నా రక్తం. ఆ వరసలో మీ తమ్ముడిది, నిన్న పిలిపించి తీశాను."

డాక్టరు రక్తం సగం గొట్టాల దాకా అడుగున బుద్ధిగా కూర్చుని ఉంది, పైన నీళ్లు తేటగా ఉన్నాయి. తమ్ముడి వరసలో మొదట్లోనే నీళ్లన్నీ ఎర్రబడ్డాయి.

"పగిలిపోయింది" అన్నాడు డాక్టరు. "ఉప్పు కొంచెం తగ్గినా వీడి ఎర్రకణాలు ఓర్చుకోలేవు. ఎందుకో తెలుసా?" లేచి కిటికీ తెర పట్టుకున్నాడు. "ఈ తెర కమ్మీకి దేంతో ఆగింది?"

"కొక్కేలతో."

"సగం కొక్కేలు లేకపోతే?"

"జారుద్ది. అది చెప్పడానికా పిలిచారు?"

"అదే చెప్పడానికి. ఎర్రకణానికి పైన పల్చటి పొర ఉంటుంది. లోపల వల ఉంటుంది. పొరని వలకి పట్టి ఉంచేది ఒక ప్రోటీను, ఆంకిరిన్ అంటారు. అదీ కొక్కెం. మీ తమ్ముడికి పుట్టుకతోనే ఆ కొక్కేలు చాలినన్ని లేవు. వల వదిలేసిన చోట పొర ముక్క ముక్కగా ఊడిపోతుంది. పొర తగ్గేసరికి బిళ్లలా ఉండాల్సిన కణం బంతిలా అవుతుంది. కడుపులో ఎడమ పక్కన ప్లీహం ఉంది కదా, అందులో సన్నని సందులుంటాయి. బిళ్లయితే ఒంగి దూరిపోతుంది. బంతి ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నదాన్ని ప్లీహం నమిలేస్తుంది. నమిలిన రక్తం తాలూకు రంగే ఆ పచ్చదనం. ఇది వంశంలో వచ్చే రోగం. సీసం వల్ల కాదు."

అక్కకు ఒళ్లు మండింది. సీసం అన్న మాట ఈ నోట మొదటిసారి వినడం, అదీ "కాదు" అని చెప్పడానికి.

"ఇంతకీ ఈ కొక్కేల కథ మీకు ఎప్పుడు తెలిసింది డాక్టరుగారూ?"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఉద్యోగంలో చేరేటప్పుడు చూసినప్పుడే అనుమానం వచ్చింది. కళ్లూ, ప్లీహమూ..."

"అనుమానం వచ్చీ కాస్టింగ్‌కి పంపారు?"

"పని చెయ్యగలడా లేదా అనేదే నన్నడిగారు."

"ఇప్పుడు పోస్టరు పడింది కాబట్టి జబ్బు గుర్తొచ్చింది."

"నువ్వేమన్నా అనుకోమ్మా. ప్లీహం తీయించాలి. కణాలు ఎక్కువ కాలం నిలబడతాయి, మనిషి తేరుకుంటాడు. ఇంకోటి, జ్వరంతో జాగ్రత్త. చిన్నపిల్లలకి బుగ్గలెర్రబడే జ్వరం ఒకటుంది, మనకొస్తే పట్టించుకోం కూడా. అది వీడికొస్తే ఎముకల్లో రక్తం తయారయ్యే పని కొన్నాళ్లు ఆగిపోతుంది. మన కణాలు నెలల తరబడి బతుకుతాయి కాబట్టి మనకి తెలియదు. వీడివి రోజుల్లో పోతాయి. పోయినవి పోతూ, కొత్తవి రాకపోతే... వెంటనే రక్తం ఎక్కించాలి. ఆలస్యం చేస్తే దక్కడు."

"మీ ఫ్యానుకి కూడా కొక్కేలు లేవా డాక్టరుగారూ, అందుకేనా తిరగట్లేదు?" అని అక్క లేచి వచ్చేసింది.

సాయంత్రం గేటు మీటింగులో ఆమె ఆ ముచ్చటంతా ఆడి చూపించింది. మెడలోని కండువా తీసి బ్యానరు కర్రకు తగిలించి, డాక్టరులాగే గొంతు సన్నం చేసి "ఈ తెర దేంతో ఆగింది తల్లీ?" అంది. షిఫ్టు దిగిన జనం పడీ పడీ నవ్వారు. "మన బాబాయ్ చేతులకి కొక్కేలు లేవట! మన దగ్గుకి కొక్కేలు లేవట! కొక్కేలు మాకు లేవా, వాళ్ల మనసుకి లేవా?" చప్పట్లు మోగిపోయాయి. ఆ రోజునుంచి డాక్టరు పేరు కొక్కేల డాక్టరు.

పచ్చోడు జనంలో ముందు నిలబడి ఉన్నాడు. వాడు నవ్వలేదు.

ఇంటికొచ్చాక, ఆ ఒక్క గదిలో, అక్క స్టవ్ ముట్టిస్తుంటే అన్నాడు.

"అక్కా, అమ్మ కళ్లు కూడా పచ్చగానే ఉండేవి."

"ఉంటే?"

"అమ్మ సీసం మొహం చూడలేదు కదా."

అక్క చేతిలో గిన్నె ఆగింది. అమ్మ ఇళ్లలో అంట్లు తోమేది. చలికాలంలో కూడా మెట్ల మీద కూర్చుండిపోయి ఆయాసపడేది. ఒకసారి జ్వరం వచ్చి, లేవలేక, సుద్దలా తెల్లబడి చనిపోయింది. నీరసం అన్నారు. ఇద్దరు పిల్లలకు పెట్టి తను తినక పోయిందన్నారు. అక్క తన ఉపన్యాసాల్లో కూడా అదే చెప్పుకునేది.

"అమ్మ తిండి లేక పోయింది" అంది.

"తిండి లేకపోతే కళ్లు పచ్చబడతాయా?"

"ఒరేయ్, ఆ కొక్కేలోడు నీకేం తాగించాడ్రా? జీవితంలో మొదటిసారి వాడు నిజం చెప్పాడా, అదీ కంపెనీకి లాభం వచ్చే నిజం?"

"చెప్పుండొచ్చు కదా. అబద్ధాలోడికి కూడా ఒక రోజుంటుంది."

"నోర్ముయ్. నీ వెనకాల అంతమంది ఉన్నారు. బాబాయ్ చేతులున్నాయి. ఇలాంటి మాట బయట అన్నావంటే చంపేస్తా."

వాడు మూసుకున్నాడు. వాడు ఎప్పుడూ అక్క మాట దాటినవాడు కాదు. తల్లి పోయాక వాడికి తల దువ్వింది, బడికి పంపింది, ఫ్యాక్టరీలో పెట్టించింది అక్కే. నిజం చెప్పాలంటే కాస్టింగ్‌లో ఖాళీ ఉందని తెలిసి మేస్త్రీ కాళ్లావేళ్లా పడింది కూడా ఆమే.

సమ్మె మొదలైంది. గేటు ఎదురుగా గుడారం వేశారు, వంతులవారీ నిరాహారదీక్ష. పచ్చోడి వంతు వచ్చేసరికి కోర్టు పంపే తనిఖీ ఆఫీసరు మర్నాడు వస్తున్నాడని కబురు తెలిసింది. ప్రెసిడెంటు ఎగిరి గంతేశాడు.

"వాడిని ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆఫీసరు జీపు దిగ్గానే ఆ కళ్లు కనపడాలి."

ఆ పొద్దునే వాడి ఒళ్లు వెచ్చగా ఉంది. "ఎండ" అంది అక్క. మధ్యాహ్నానికి కాలిపోతోంది. వాడు కూర్చోలేక గుడారం గుంజకు ఆనుకున్నాడు. పెదవులు ఆరిపోయాయి. పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒకడు వంగి చూసి అన్నాడు:

"ఒరేయ్ పచ్చోడా, నీ కళ్లు తెల్లబడ్డాయేంట్రా! బాగుపడిపోతున్నావా ఏంటి? ఆఫీసరు వచ్చేదాకా ఆగరా బాబూ, కేసు పోతుంది!"

అందరూ నవ్వారు. అక్క నవ్వబోయి, వంగి చూసింది. నిజంగానే పసుపు తగ్గింది. పసుపు తగ్గిన చోటికి ఎరుపు రాలేదు. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల కాగితంలా ఉంది. గోళ్లు కాగితంలా ఉన్నాయి. గుండె చొక్కా పైనుంచే కనపడేలా కొట్టుకుంటోంది.

మంచం మీద అమ్మ గోళ్లు అలాగే ఉన్నాయి. అక్క అప్పుడు చిన్నది. ఆ గోళ్లు పట్టుకుని కూర్చుంది.

గేటు పక్కన చిన్న తలుపు తెరుచుకుని కంపెనీ డాక్టరు బయటికి వచ్చాడు. గుడారంలో ఈలలు మొదలయ్యాయి. "కొక్కేలు! కొక్కేలు!" ఎవడో టీ గ్లాసు విసిరాడు. ఆయన చొక్కా మీద టీ మరకతోనే వచ్చి పచ్చోడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాడి పట్టుకున్నాడు.

"ఎప్పటినుంచి జ్వరం?"

"నీకెందుకయ్యా?" అన్నాడు ప్రెసిడెంటు. "దీక్ష భగ్నం చెయ్యడానికి పంపారా? రేపు ఆఫీసరు రాకముందే మనిషిని మాయం చెయ్యాలని ప్లాను!"

డాక్టరు ఆయన వైపు చూడలేదు. అక్క వైపే చూశాడు. "చెప్పాను కదమ్మా. రక్తం తయారవడం ఆగిపోయింది. పసుపు ఎందుకు పోయిందో తెలుసా? నమలడానికి లోపల కణాలే మిగల్లేదు. ఇవాళ రక్తం పడాలి. రేపటిదాకా ఆగేది కాదిది. దారిలో ఆక్సిజన్ కావాలి, లేకపోతే గుండె ఆగుతుంది. లోపల అంబులెన్సుంది."

రోడ్డుకు రెండు వైపులా పోలీసులు కంచెలు అడ్డం పెట్టారు. ఆటో రాదు. మంచం మీద మోసుకుపోతే కంచె దాటి మెయిన్ రోడ్డు చేరాలి, అక్కడ బండి దొరకాలి, పెద్దాసుపత్రికి ఊరు దాటాలి.

"మోసుకుపోదాం" అన్నాడు బాబాయ్. లేచి నిలబడ్డాడు. తన చేతులు తనకు గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"పంపండి అంబులెన్సు" అంది అక్క.

డాక్టరు గేటు వైపు చూశాడు. అక్కడ మేనేజరు నిలబడి ఉన్నాడు. పక్కన ఇంకొకడు ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు. మేనేజరు గొంతు పెంచాల్సిన అవసరం కూడా పడలేదు, ఈలలు వాటంతటవే ఆగిపోయాయి.

"తప్పకుండా పంపిస్తాం. మానవత్వం మాకూ ఉంది. కాకపోతే, మా బండిలో ఎక్కించుకుంటే రేపు మీ ప్రెసిడెంటుగారు సీసం తాగించి చంపి మోసుకుపోయారంటారు. అందుకని జబ్బేంటో ముందు నువ్వు చెప్పు. మా డాక్టరుగారు నీకు చెప్పారు కదా. అదే, ఇందులోకి చెప్పు. చాలు."

"సార్, ముందు బండి..." అన్నాడు డాక్టరు.

"మీరాగండి" అన్నాడు మేనేజరు. డాక్టరు ఆగాడు. ఆయన ఎప్పుడూ అంతే.

ప్రెసిడెంటు అక్క చెవి దగ్గర గబగబా అన్నాడు: "ఒక్క మాట కూడా అనకు. మన నర్సింగ్ హోము డాక్టరుకి ఫోన్ చేస్తా, ఇక్కడికే వచ్చి గ్లూకోజు పెడతాడు. ఒక్క పూట లాగితే చాలు. నువ్వు నోరు తెరిస్తే అందరి కేసూ పోయినట్టే. అర్థమవుతోందా? అందరిదీ."

అర్థమైంది. ఆమెకు అర్థం కానిదంటూ అక్కడ ఏమీ లేదు. చుట్టూ చూసింది. పేర్చే సెక్షన్ ఆడవాళ్లు, కాస్టింగ్ మగాళ్లు, బాబాయ్. ఎవరూ "చెప్పెయ్" అనలేదు, "చెప్పకు" అనలేదు. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

పచ్చోడు కళ్లు తెరిచి "అక్కా, పడుకుంటా" అన్నాడు. చిన్నప్పుడు బడినుంచి వచ్చి అనేవాడు అలా.

అక్క ఫోను ముందుకు నడిచింది.

"ఇది మా అమ్మనుంచి వచ్చిన జబ్బు. వీడికి పుట్టుకతోనే ఉంది. రక్తంలో కొక్కేలు లేవు."

"ఫ్యాక్టరీ వల్ల కాదు అని కూడా..." అన్నాడు మేనేజరు.

"వాడి పచ్చదనం ఫ్యాక్టరీ వల్ల కాదు. మిగతావాళ్లది..."

"చాలు, చాలు" అని ఫోను దించేశాడు పక్కవాడు. గేటు తెరుచుకుంది.

ఆసుపత్రిలో రక్తం ఎక్కింది. ఒక సీసా, తర్వాత ఇంకొకటి. డ్యూటీ డాక్టరమ్మ రక్తపరీక్ష చీటీ చూసి "ఇంకో పూట ఆలస్యమైతే మేం చేసేదేం ఉండేది కాదు" అంది. వాడి బుగ్గల్లోకి రంగు మెల్లగా వచ్చింది. అక్క మంచం పక్క నేల మీద కూర్చుని, గోళ్లు ఎరుపెక్కడం చూస్తూ ఏడ్చింది. అది సంతోషమా అని నర్సు అడిగితే మొహం తిప్పుకుంది.

ఈలోపు అక్కడ గుడారం లేచిపోయింది. తనిఖీ ఆఫీసరు వచ్చాడు, వీడియో చూశాడు, టీ తాగాడు, వెళ్లాడు. ముందున్న కేసు పడిపోతే వెనక తగిలించిన పెట్టెలన్నీ పడిపోయాయి. మిగతావాళ్ల రోగాలకు కూడా వంశం, అలవాట్లు, వయసు అని కోర్టులో కంపెనీ లాయరు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచిపెట్టాడు. ప్రెసిడెంటు ఒక మంచి ఉపన్యాసం చేసి వేరే ఫ్యాక్టరీ సమ్మెకు వెళ్లిపోయాడు. ఆ ఉపన్యాసంలో రక్తసంబంధం, వర్గద్రోహం అనే మాటలు చాలాసార్లు వచ్చాయట. జనం మళ్లీ పనిలోకి పోయారు. అక్కను మాత్రం కంపెనీ తీసుకోలేదు. యూనియన్ కూడా తీసేసింది. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ రాజీ కుదిరింది.

బాబాయ్ ఒకరోజు ఆసుపత్రికి వచ్చాడు. తమ్ముడి ఆపరేషన్ అయిపోయింది, ప్లీహం తీసేశారు. బాబాయ్ వార్డు లోపలికి రాలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. వాటిని ఎవరివో చేతుల్లా పెట్టుకున్నాడు.

"ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు బాబాయ్."

"బతికాడుగా. అదే కావాలి." ఒళ్లోని చేతుల వంక చూసుకున్నాడు. "నీ జాగాలో నేనుంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. అది నాకు తెలుసు. అయినా నీ మొహం చూస్తుంటే కడుపు మండుతోందే అమ్మాయ్. ఏం చెయ్యను?"

అక్క ఆయన పక్కన కూర్చోబోయింది. ఆయన జరగలేదు. ఆమె నిలబడే ఉంది.

"కోర్టులో అన్నారు, నీ చెయ్యి కూడా పుట్టుకతో వచ్చిందేమో అని. మా అమ్మ చేతులు నాకు బాగా గుర్తు. ఆ చేత్తో లాగి కొడితే చెవి గుయ్యిమనేది." ఆయన లేచాడు. "నా చెయ్యి ఏ అమ్మ రోగమే? చెప్పు. నువ్వు సెక్రటరీవి కదా, చెప్పు."

"ముందే నిన్ను పెట్టాల్సింది బాబాయ్. పచ్చరంగుకి ఆశపడ్డాం."

"అవును" అన్నాడు ఆయన. వెళ్లిపోయాడు.

పచ్చోడు తేరుకున్నాడు. కొక్కేలు కొత్తగా రాలేదు, అవి ఈ జన్మకు రావు. నమిలే నోరు పోయింది, అంతే. బంతిలాంటి కణాలైనా నిలబడుతున్నాయి. కళ్లు తెల్లగా, పాలలా అయ్యాయి. ఆకలి వేస్తోంది. మెట్లు ఎక్కి దిగి, ఎందుకో మళ్లీ ఎక్కుతాడు. వాడికి పచ్చోడు అనే పేరు ఇక అతకదు. అయినా ఎవరూ వేరే పేరు పెట్టలేదు, వాడితో మాట్లాడేవాళ్లు తక్కువైపోయారు.

కంపెనీనుంచి కబురు వచ్చింది. పనిలోకి రావచ్చు, అదే కాస్టింగ్‌లో. తమ దయ ఎంతటిదో లోకానికి తెలియాలి కదా.

అక్క పరుగున కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్లింది. గేటు లోపలికి రానివ్వకపోతే, ఆయన కారు ఆపే చోట కాపు కాసింది.

"ఫిట్ అని సంతకం పెట్టారట."

"రక్తం బాగుందమ్మా. బరువు పెరిగాడు. ఫిట్ కాదని ఎలా రాయను?"

"కాస్టింగ్‌లో ఫ్యాను లేదు. ఒంట్లోకి పోయే సీసం సంగతేంటి?"

డాక్టరు కారు తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "దాని గురించి నన్నడగలేదు."

"ఆ రోజు గుడారంలోకి రమ్మని మిమ్మల్ని ఎవరడిగారు? ఎవరూ అడక్కుండానే వచ్చారుగా. టీ గ్లాసు దెబ్బ తిని వచ్చారు. ఇప్పుడేమైంది?"

ఆయన ఏదో అనబోయాడు. దూరంగా మేనేజరు కారు కనపడింది. డాక్టరు తన కారెక్కి తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ మనిషిలో ఒక్క రోజుకు సరిపడా ధైర్యమే ఉంది. అది ఆ రోజే ఖర్చయిపోయింది.

పొద్దున్న తమ్ముడు తయారవుతున్నాడు. పాత యూనిఫాం బిగుతైంది, బొత్తాలు పట్టడం లేదు. అక్క తలుపుకు అడ్డంగా నిలబడింది.

"వెళ్లొద్దురా. నేనేదో ఒకటి చేస్తా. ఇళ్లలో పనికి పోతా."

"అమ్మలాగా?"

"అమ్మలాగానే. ఏం, తప్పా?"

"తప్పని కాదక్కా. ఇన్నాళ్లూ నువ్వు చెప్పినచోట నిలబడ్డా. గోడ మీద నిలబడమంటే నిలబడ్డా, గుడారంలో కూర్చోమంటే కూర్చున్నా. నా ఒంట్లో ఏముందో నాకే ముందు తెలుసు, చెప్తే నోర్ముయ్ అన్నావ్." వాడి గొంతులో కోపం లేదు. ఆమెకు అదే ఎక్కువ భయం వేసింది. "తర్వాత నన్ను బతికించుకోవడానికి అందరి కొంపా ముంచావు. నేను రోడ్డు మీద పోతుంటే బాబాయ్ పక్క సందులోకి తిరిగిపోతున్నాడు. ఆ రుణం ఎవరు తీర్చాలి?"

"కాస్టింగ్‌లోకి పోతే తీరుతుందా?"

"తీరుద్ది. ఆలోచించు. ఇప్పుడు నాకు వంశం రోగం ఏమీ లేదు. కంపెనీ డాక్టరే సంతకం పెట్టాడు, బ్రహ్మాండంగా ఉన్నానని. ఇప్పుడు నన్ను తినేది సీసమొక్కటే. ఇంక ఏ అమ్మ మీదా తొయ్యలేరు."

అక్క తలుపు వదల్లేదు. వాడు ఆమె భుజం పట్టుకుని, మెత్తగా, కుర్చీని జరిపినట్టు పక్కకు జరిపి బయటికి నడిచాడు. ఆమె చెప్పులు లేకుండానే వెంటపడింది.

గేటు దగ్గర షిఫ్టు జనం వరసలో నిలబడ్డారు. ఎవరూ ఆమెను పలకరించలేదు. తమ్ముడు వరసలోకి దూరాడు. ఎర్రగా, నిండుగా, ఆ బూడిదరంగు మొహాల మధ్య కొట్టొచ్చినట్టు కనపడుతున్నాడు.

"ఒరేయ్!" అని అరిచింది. ఇన్నాళ్లూ ఆ గేటు దగ్గర ఎన్ని అరుపులు అరిచిందో, ఇంత చిన్న మాట ఎప్పుడూ అరవలేదు. "మాస్కన్నా పెట్టుకోరా!"

వాడు వెనక్కి తిరిగి నవ్వాడు.

"మాస్కు పెట్టుకుంటే కేసు నిలవదక్కా."